నాలుగు వేళ్ల వదులు

మొన్నటి చలికాలంలో జగిత్యాలలో మా అమ్మాయి ఇంట్లో నాలుగు రోజులు ఉన్నాను. వెళ్లిన మర్నాడు పొద్దున, అల్లుడి కోసం ఫోనులో తెప్పించిన స్వెటర్ ఒకటి గుమ్మంలోకి వచ్చింది. చేత్తో అల్లినది అని దానికి కట్టిన చీటీ మీద రాసి ఉంది. అల్లుడు తొడుక్కుని చూశాడు. భుజాల దగ్గర పట్టేసింది. చేతులెత్తితే నడుము కనిపించింది. మా అమ్మాయి అతన్ని ఒకసారి ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుంది. నేను స్వెటర్‌ను లోపలివైపు తిప్పి చూశాను. పక్క కుట్లు విప్పి, రెండు వైపులా ఒక్కో బద్ద అల్లి చేరిస్తే సరిపోతుంది. వారం రోజుల పని. ఆ మాటే అన్నాను.

"ఓ అమ్మా, నీకేమన్న పని లేదా? రేపు వాళ్లే వచ్చి తీస్కపోతరు. ఎల్లుండి పెద్దది అస్తది. గంత సేపు ఎవలు కూసుంటరు?" అంది.

దాని మాట నిజమే. ఆ స్వెటర్ ఇంకా ఎవరిదీ కాదు. సరిపోయే ఒంటిని వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. మర్నాడు దాన్ని సంచిలో వేసుకుని పోయారు కూడా. కానీ ఒక మనిషికి ఒక బట్ట సరిపోలేదంటే తప్పు బట్టదేనా అన్న ప్రశ్న ఆ రోజంతా నన్ను వదల్లేదు. ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో, కోరుట్లలో మా ఇంట్లో, ఒక చలికాలమంతా దాని చుట్టూనే తిరిగాం.

మాది నేతపని కుటుంబం. అయితే నాకు ఊహ తెలిసేనాటికే ఇంట్లో మగ్గం లేదు. మగ్గం గుంట పూడ్చి, పైన బండ పరిచి, ఆ బండ మీద కూర్చుని అవ్వ (అమ్మను మేం అలాగే పిలిచేవాళ్లం) బీడీలు చేసేది. మా ఇంటి వాసన ఏదంటే ఇప్పటికీ నాకు తడిపిన తునికాకు వాసనే గుర్తొస్తుంది, దాని వెనకే ముక్కు మండించే తంబాకు. ఒళ్లో చాట పెట్టుకుని, కత్తెరతో ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన వేసేదాకా అవ్వ ఆ చాట వంక చూసేదే కాదు. కళ్లు మా మీదే ఉండేవి. నేనూ, నా తర్వాత ఇద్దరు చెల్లెళ్లూ ఏం చేస్తున్నామో, పొయ్యి మీద పప్పు ఎంత ఉడికిందో, వీధిలో ఎవరు పోతున్నారో అన్నీ ఆమెకు తెలిసేవి. వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకునేవి. ఏ కొలతైనా ఆ వేళ్లతోనే. బియ్యంలో నీళ్లు, నా జడ పొడవు, చెల్లెలి జ్వరం, అన్నీ వేళ్లకే తెలిసేవి.

నాయిన సౌదీలో ఉండేవాడు. ఉత్తరాలు రాయడం ఆయనకు బరువు. అందుకని క్యాసెట్లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. పక్కింటి టేపురికార్డరు తెచ్చి చాట పక్కన పెట్టుకునేవాళ్లం. నాయిన అందరినీ పేరుపేరునా పలకరించేవాడు. మధ్యలో జవాబు కోసం ఆగినట్టు ఆగేవాడు. అవ్వ నిజంగానే జవాబిచ్చేది. "ఆఁ, తిన్నం." "ఆఁ, బడికి పోతున్నరు." చెల్లెళ్లు నవ్వితే కోప్పడేది. అలాంటి ఒక క్యాసెట్లోనే ఆయన అన్నాడు: "గీడ పొద్దుగాల్ల చలి బొక్కలల్ల దూరుతున్నది. ఎడారంటే ఎండే అనుకుంటరు గని, చలి గూడ గట్లనే ఉంటది." ఆ క్యాసెట్లో ఆయన గొంతు కొంచెం సన్నగా వినిపించింది. టేపు సాగిందేమో అనుకున్నాం.

మా వీధిలో బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. ఉత్తరాది మనిషి. ఆయన భార్య పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని ఏదో ఒకటి అల్లుతూ ఉండేది. ఆమెకు తెలుగు రాదు, నాకు హిందీ అంతంతమాత్రం. నాయినకు ఒక స్వెటర్ అల్లాలని ఆమె చేతులు చూసి నేర్చుకున్నాను. తప్పు చేస్తే నా వేలి మీద చిన్నగా కొట్టి, విప్పించి, మళ్లీ అల్లించేది. కొన్న సూదులు కావు నావి. సైకిలు స్పోకులు రెండు, బండ మీద అరగదీసినవి. ఉన్ని మాత్రం ఆమే తన ఊరినుంచి తెప్పించి పెట్టింది. ఉల్లిపొట్టు రంగు.

కొలతకు నాయిన వదిలి వెళ్లిన అంగీ ఉంది. దాన్ని చాప మీద పరిచి అవ్వ జానలతో, వేళ్లతో కొలిచింది. "రెండు జానల మీద నాలుగు వేళ్లు. ఇంకో రెండు వేళ్లు ఎక్కువ వట్టు. లోపట అంగీ ఉంటది గదా," అంది. ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు విడివిడిగా అల్లి, చివరకు అదే ఉన్నితో కలిపి కుట్టాను. మూడు నెలలు పట్టింది. అవ్వ దాన్ని మడతపెట్టి ఇనప్పెట్టెలో పెట్టింది. రోజుకోసారి తీసి చూసి మళ్లీ పెట్టేది.

మళ్లీ చలి మొదలయ్యాక నాయిన రెండు నెలల సెలవు మీద వచ్చాడు. బొంబాయి బస్సు దిగి, రెండు సూట్‌కేసులతో రిక్షాలో ఇంటికొచ్చాడు. ముఖం నల్లబడింది గానీ నవ్వు అదే. లోపలికి అడుగుపెట్టీ పెట్టకముందే చెల్లెళ్లు స్వెటర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. తలలోంచి తొడుక్కున్నాడు. మేం నలుగురం నిలబడి చూశాం. భుజాలు కిందికి జారాయి. ఛాతీ దగ్గర ముడతలు పడ్డాయి. గోడకు కొట్టిన మేకుకు తగిలించినట్టు వేలాడింది.

"ఏం బిడ్డా, నాకు అల్లినవా, మీ మామకు అల్లినవా?" అని నాయిన పెద్దగా నవ్వాడు. "ఉన్ని గదా, గుంజితే సాగుతది. జర సాగినట్టున్నది."

సిరిసిల్లలోని మేనమామ పెద్ద పొట్ట తలుచుకుని చెల్లెళ్లు కిలకిలా నవ్వారు. అవ్వ నవ్వలేదు. నీళ్లు పెట్టడానికి లోపలికి వెళ్లింది. అది ఇనప్పెట్టెలో ఉండగా సాగలేదని నాకు తెలుసు. కానీ అందరూ నవ్వుతుంటే ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున నేను బావి దగ్గర ఉంటే నాయిన పళ్లు తోముకుంటూ వచ్చి నిలబడ్డాడు. "బిడ్డా, గా పక్కలు జర లోపటికి వట్టు. బరాబర్ ఒంటికి ఉండేటట్టు చెయ్యి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ అవ్వ మల్ల మల్ల గీ లూజు చూసిందనుకో, ఉత్తగ పరేషాన్ అయితది. నేను పొయ్యేటాలకు మంచిగ కనవడాలె," అన్నాడు.

ఆయన ఏం అడుగుతున్నాడో సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకోవడం నాకే ఇష్టం లేకపోయింది. స్వెటర్ సరిగ్గా ఒంటికి పట్టి ఉంటే ఆయన బాగున్నట్టు కనిపిస్తాడు. బాగున్నట్టు కనిపిస్తే అవ్వ నిశ్చింతగా పంపుతుంది. నేను చేయాల్సింది అదీ. సరే అన్నాను.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు ముందు దగ్గరి చుట్టాలందరికీ కనిపించి రావాలి. రెండో వారంలో అందరం సిరిసిల్ల వెళ్లాం. వేములవాడలో దిగి బస్సు మారాం. దారిలో పక్క కుట్లు విప్పుదామని స్వెటర్ సంచిలో వేసుకున్నాను గానీ, బస్సులో కూర్చోవడానికే చోటు దొరకలేదు. మామ అవ్వకు తమ్ముడు. మరమగ్గాల షెడ్డులో, అక్కడివాళ్లు సాంచాలనే వాటి మధ్య, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పనిచేసేవాడు. షెడ్డు వెనకే ఇల్లు. ఆ చప్పుడులో పెరిగినవాళ్లు ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడుకుంటారు.

అవ్వ వంటింట్లో ఉండగా నాయిన నన్ను షెడ్డులోకి తీసుకుపోయి, స్వెటర్ మామ చేతిలో పెట్టాడు. ఎంత తగ్గించాలో తన ఒంటి మీదే పట్టి చూపించాడు. మామ ఒక వైపు నుంచి వేళ్లు దూర్చి చూశాడు. నాలుగు వేళ్లు దూరాయి.

"గింతేనా బావా? దీనికి ఇంత పంచాయితేంది? కత్తెర అందుకో కోడలా!" అని అరిచాడు.

"మామా, కోయద్దేమో. విప్పి మల్ల కుట్టాలె," అని నేనూ అరిచాను.

"గిది బట్టనా, కాదా?"

"బట్టనే గని..."

"బట్టనే అయితే కోస్తే ఏమైతది? పుట్టినకాడికెళ్లి బట్టలల్లనే ఉన్న. నాకు నేర్పుతవా?"

నాయిన కూడా నేతగాడే. ఆయనా అడ్డు చెప్పలేదు. మామ స్వెటర్‌ను బల్ల మీద పరిచి, ఒక పక్క పైనుంచి కిందిదాకా నాలుగు వేళ్ల వెడల్పున చక్కగా కోసేశాడు. గీత గీసినట్టు వచ్చింది కోత. ఆ అంచున పోగులు కొన్ని బయటికి పొడుచుకొచ్చాయి. మగ్గం ముందు కూర్చున్నవాడి కంటికి అంచున వేలాడే పోగు ఆగదు. చేయి దానంతటదే వెళ్లి లాగి తెంపేస్తుంది. మామ ఒకటి లాగాడు. అది తెగలేదు. ఆ చివరిదాకా వెళ్లి, అక్కణ్నుంచి తిరిగి, రెండు వరుసలు ఊడదీసుకుని చేతిలోకి వచ్చింది. ఇంకొకటి లాగాడు. ఇంకో రెండు వరుసలు. కంగారులో నాయిన కూడా ఒకటి లాగాడు.

"ఇదేందిరా బై? దీన్ల పడుగు ఏడున్నది, పేక ఏడున్నది?" అన్నాడు మామ. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

"రెండూ లేవు మామా. అంత ఒకటే పోగు."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. చెవుల్లో గింగురుమనే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, చాయ గ్లాసుల పళ్లెం పట్టుకుని అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

పళ్లెం కింద పెట్టి, బల్ల మీది కోసిన బద్దను తీసుకుంది. దాని మీద చేయి ఆనించింది. వేళ్లు సరిగ్గా సరిపోయాయి.

"అంగీ కొలతకే అల్లిచ్చిన. రెండు వేళ్ల వదులు నేనే పెట్టిచ్చిన. గీ నాలుగు వేళ్లు ఏడికెళ్లి అచ్చినయ్?" అంది మెల్లగా. "అటు దిక్కు గూడ గింతేనా?"

"గదే... ఉన్ని సాగి..." అన్నాడు నాయిన.

"ఉన్ని సాగలే. నువ్వు తరిగినవ్."

మామ కత్తెర పక్కన పెట్టి నేల చూశాడు. నాయిన బల్ల అంచున కూర్చున్నాడు. "కామెర్లయినయ్," అన్నాడు. "రెండు నెలలు రూముల మంచం మీదనే పన్న. పక్క మంచాలోళ్లే గంజి వోసిన్రు. లేశి నాలుగు దినాలు గాకముందే డ్యూటీకి రమ్మన్నరు. క్యాసెట్ల ఏమని చెప్పుదు మరి? మీరు గీడ ఏం జేద్దురు?"

అవ్వ నా వైపు తిరిగింది. "గీ కోతకు నువ్వెట్ల ఒప్పుకున్నవే?"

"నాయిన చెప్పిండు."

"నాయిన చెప్తె? నాకు చెప్పొద్దా?"

ఆమె బద్దను నా చేతిలో పెట్టింది. "పాత కొలతకే అల్లు మల్ల. ఒక్క కుట్టు గూడ తగ్గద్దు," అంది. తర్వాత నాయిన వైపు చూడకుండానే అంది: "గా స్వెటర్ నిండినంకనే నువ్వు బొంబాయి బస్సెక్కేది."

కోసిన స్వెటర్‌ను విప్పితే రెండేసి వరుసల పొడవు ముక్కలు వచ్చాయి. కోసేసిన బద్దలోంచి జానెడు, మూరెడు ముక్కలు. పారేయడానికి నేతవాళ్లకు చేతులు రావు. మామ, నాయిన ఎదురెదురుగా కూర్చుని వాటిని అతకడం మొదలుపెట్టారు. మగ్గం మీద తెగిన పోగులు అతికినట్టు, చిటికెడు బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలిపెట్టారు. ఉన్ని నిలవలేదు, జారిపోయింది. చివరికి ముడే వేశారు. మగ్గం వదిలి ఎన్నో ఏళ్లయినా నాయిన చేతులు ఏదీ మరిచిపోలేదు. బొటనవేలూ చూపుడువేలూ ఒకసారి కలిసి విడిపోతే ముడి పడి ఉండేది. "నావే ఎక్కువయినయ్ బావా," అని మామ, "నీవి ఊడుతున్నయ్ పో," అని నాయిన. మామ కోసిన పాపానికి ఆ రోజంతా సాంచాల దగ్గరికి పోలేదు. పొద్దుగూకేసరికి ఉండ తయారైంది. అంతా ముళ్లే.

కోరుట్ల వచ్చాక మూడు వారాల్లో మళ్లీ అల్లాను. ముళ్లన్నీ లోపలివైపుకు తోశాను. ముడులకే ఉన్ని చాలా పోయింది. అడుగున బెత్తెడు తక్కువ పడితే, బజారులో దొరికిన బూడిదరంగు ఉన్నితో పట్టీ వేశాను. అది కలవలేదు. అయినా కొలత కొలతే. ఒక్క కుట్టు తగ్గించలేదు.

ఇక ఆయన్ని నింపే పని అవ్వ చేతికి తీసుకుంది. డాక్టరు చీటీ జతచేసి, ఆరోగ్యం బాగాలేదని కంపెనీకి ఉత్తరం రాయించింది. పొద్దున గుడ్డు, మధ్యాహ్నం పప్పుతో నెయ్యి, సాయంత్రం నువ్వులు పల్లీలు వేసిన సర్వపిండి. మేడిపల్లి నుంచి మా చిన్నమ్మ నాటుకోడిని పంపితే నాయిన ఎదురుగా కూర్చుని ఎముకలదాకా తినిపించింది. ఆదివారం ఆదివారం స్వెటర్ తొడిగించి, పక్కన వేళ్లు దూర్చి చూసేది. మూడు వేళ్లు. మూడే. రెండున్నర. ఒక ఆదివారం ఉన్నట్టుండి ఒక్క వేలు కూడా కష్టంగా దూరింది. అవ్వ ఆయన మెడ దగ్గర పట్టి లాగింది.

"ఎన్ని తొడిగినవ్ లోపట?"

"ఒక్క అంగీ."

"అంగీ కింద?"

నాయిన తల దించుకున్నాడు. బనీను మీద బనీను, దాని మీద మందపు అంగీ, దాని మీద ఇంకో అంగీ. "పోయి గవన్ని ఇడిచి రాపో," అంది అవ్వ. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం చూసి, నవ్వడానికి మాకు కూడా అనుమతి దొరికినట్టయింది.

నాయిన ఆ తర్వాత మళ్లీ సౌదీ వెళ్లాడు, వచ్చాడు, ఇంకొన్నేళ్లకు అక్కడి పని మానేసి కోరుట్లలోనే ఉండిపోయాడు. అక్కడే మా అందరి మధ్య కన్నుమూశాడు. అవ్వ ఆయన తర్వాత ఎక్కువ కాలం లేదు. పెద్దయ్యాక నేను పత్రికలో విలేకరినై గల్ఫ్ కుటుంబాల గురించి ఎన్నో సార్లు రాశాను. ఇప్పుడు క్యాసెట్లు లేవు. రోజూ ఫోనులో ముఖాలే చూసుకుంటారు. ముఖం చూస్తే అన్నీ తెలుస్తాయనుకుంటాం. కానీ కోనరావుపేట దగ్గర ఒక ఇల్లాలు గల్ఫ్‌లోని తన భర్త గురించి నాతో ఒకసారి అంది: "మెడ కింద ఎప్పుడు చూపియ్యడమ్మా, ఎప్పుడు సూడు నవ్వుకుంట ముఖమే." ఆమె మాట వినగానే నాకు అవ్వ వేళ్లు గుర్తొచ్చాయి. ముఖాన్ని నవ్వించగలం. పక్కటెముకలను నవ్వించలేం. ఆ రోజుల్లో మాకు తెలిసింది తక్కువే, చాలా ఆలస్యంగా కూడా. కానీ తెలిసినప్పుడు చేతికి తెలిసేది. మా అమ్మాయి తెప్పించిన పెద్ద స్వెటర్ అల్లుడికి సరిగ్గానే సరిపోయింది. ఒకరి ఒంటి మీద ఒకరు వేళ్లు పెట్టి చూసుకోవాల్సిన అవసరం మాత్రం ఆ పద్ధతిలో రాదు.

స్వెటర్ మళ్లీ అల్లిన ఆ సంవత్సరం ఉగాది కూడా దాటిపోయింది. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మన లెక్కన వైశాఖం దాటితే ఇక రానక్కర్లేదని. దానికింకా నెల పైన ఉంది. నాయిన ముఖం నిండింది, మెడ నిండింది. కుదురుగా నడుస్తున్నాడు. ఒక మధ్యాహ్నం వాకిట్లో బండ కాలిపోతుంటే, ఆయనే ఇనప్పెట్టె తెరిచి స్వెటర్ తీసుకొచ్చాడు. ఒక్క పల్చటి అంగీ మీద తొడుక్కుని అవ్వ ముందు నిలబడ్డాడు.

"ఇగ చూడు. ఇయ్యాల ఆదివారం గాకున్నా చూడు."

అవ్వ చాట దించి లేచింది. నేను దగ్గరే ఉన్నాను. ఎక్కడా ముడత లేదు. బూడిదరంగు పట్టీ నడుముకు అతుక్కుని ఉంది. అవ్వ వేళ్లు పక్కన ఆనించి లోపలికి దూర్చబోయింది. చిటికెన వేలు కూడా పోలేదు. ఇంకో పక్క చూసింది. అక్కడా అంతే. నాలుగు నెలలు నెయ్యి పోసి, కోడి వండి ఆమె ఎదురుచూసిన రోజు అదే. ఆమె ముఖంలో సంతోషం కోసం చూశాను. ఆమె చేయి స్వెటర్ మీదే ఆగిపోయింది. తీయలేదు.

"ఇంక జర లూజే ఉన్నది," అంది.

నాయిన కణతల మీంచి చెమట కారుతోంది. అవ్వను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "అల్లినదానివి నువ్వు. నువ్వు చెప్పు బిడ్డా."

ఆ స్వెటర్‌లో ఎన్ని కుట్లున్నాయో, ఎక్కడెక్కడ ముళ్లున్నాయో నాకు తెలుసు. అవన్నీ సాగి బిగుసుకుని ఉండటం నిలబడ్డచోటినుంచే కనిపిస్తోంది.

"లూజే ఉన్నది నాయినా," అన్నాను.

ఆయన తల ఊపి స్వెటర్ విప్పుకోబోయాడు. అది భుజాల దగ్గర పట్టేసింది. రాలేదు. చేతులు పైకెత్తి, తల లోపలే ఇరుక్కుని నిలబడిపోయాడు. అవ్వ ఒక వైపు, నేనొక వైపు పట్టుకుని పైకి లాగడం మొదలుపెట్టాం.

"జర మెల్లగ గుంజున్రి," అన్నాడు నాయిన ఉన్ని లోపలినుంచి. "లూజున్నది గదా."